పెరటి కోళ్లకు అడవి జంతువుల బెడద: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది వేంపల్లె పక్కన, పాలకొండల కింద ఉన్న చిన్న పల్లె. పదేళ్లకు పైగా పెరట్లో ఇరవై నుంచి ముప్పై నాటుకోళ్లు పెంచుతున్నాను. కొత్తగా కోళ్లు పెట్టుకున్న చుట్టాలు, ఇరుగుపొరుగు, కర్నూలు, అనంతపురం వైపు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి ఇక్కడ రాస్తున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఒక్క మాట ముందే చెబుతాను. ఇన్నేళ్లలో నా దగ్గర పోయిన కోళ్లలో ఎక్కువ భాగం రెండు కారణాల వల్లే పోయాయి. ఒకటి గూట్లో వదిలేసిన సందు. రెండోది సాయంత్రం తలుపు ఆలస్యంగా వేయడం.

## కోళ్లు తెచ్చుకోకముందు

మా ఊరికి దగ్గర్లో అడవి లేదు, కొండ లేదు. మాకు కూడా ఈ భయం ఉంటుందా?

ఉంటుంది. ముంగిస, పందికొక్కు, జెర్రిపోతు, గద్ద, కాకి, వీధికుక్క, పిల్లి ఊరి నడిబొడ్డున కూడా తిరుగుతాయి. నల్లమల, శేషాచలం, లంకమల అంచు ఊళ్లలో వీటికి తోడు నక్క, అడవిపిల్లి, పునుగుపిల్లి వస్తాయి. అనంతపురం, కర్నూలు వైపు బీళ్లలో, చెనిక్కాయ (వేరుశనగ) చేల గట్లలో గుంటనక్క ఉంటుంది. అది ఎక్కువగా పురుగులు, ఎలుకలు, రేగుపండ్లు తిని బతుకుతుంది కానీ దారిలో కోడిపిల్ల దొరికితే వదలదు. మీ ఇంటి చుట్టూ యాభై అడుగులు నడిచి చూడండి. సర్కారు కంప గుబురుగా పెరిగిన వంక, పాడుబడిన బావి, కూలిన గోడ, రాళ్ల కుప్ప ఉంటే అందులో ముంగిసో పిల్లో కాపురం పెట్టిందనే అనుకోండి.

ఏ జాతి కోళ్లయితే తప్పించుకోగలవు?

నాటుకోళ్లు, అసీల్ కోళ్లు చురుకైనవి. నీడ పడితే చాలు, పొద కిందికి దూరుతాయి. గోడ మీదికి ఎగరగలవు. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా రకం త్వరగా బరువు పెరుగుతుంది. ఆ బరువు వల్లే ఎగరలేదు, పరుగు కూడా మందం. ఆ సంస్థదే గ్రామప్రియ కొంచెం తేలిక, గుడ్లు కూడా బాగా పెడుతుంది. వనరాజా పెంచాలనుకుంటే కంచె ఉన్న దొడ్డిలోనే వదలండి. కంచె లేని పెరటికి నాటుకోళ్లే నయం. తెల్ల కోళ్లు గద్దకు దూరం నుంచే కనిపిస్తాయి, అందుకని మొదటిసారి పెంచేవాళ్లకు గోధుమ, నలుపు కలిసిన రంగులు తెచ్చుకోమంటాను.

మొదట ఎన్ని కోళ్లు తెచ్చుకోవాలి?

మీ గూట్లో ఎన్ని పడితే అన్నే. ఒక్కో పెద్ద కోడికి రాత్రి పడుకోవడానికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగుల చోటు కావాలి. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న గూట్లో పదిహేను కోళ్లు హాయిగా ఉంటాయి. ముందు గూడు, తర్వాతే కోళ్లు. సంతలో బేరం బాగుందని కోళ్లు తెచ్చి, గూడు వచ్చే వారం కట్టిస్తాం అనుకున్నవాళ్లు ఆ వారంలోనే సగం పోగొట్టుకోవడం నేను చూశాను.

## గూడు కట్టేటప్పుడు

షాపులో చికెన్ మెష్ అని ఆరు మూలల జాలీ ఇచ్చారు. అది సరిపోతుందా?

సరిపోదు. ఆ జాలీ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది, బయటివాటిని లోపలికి రాకుండా ఆపలేదు. తీగ సన్నం, కుక్క పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది. కన్నాలు పెద్దవి కాబట్టి పిల్ల ఎలుక, చిన్న పాము అందులోంచే వస్తాయి.

అరంగుళం కన్నాలున్న వెల్డెడ్ మెష్ అడగండి. అడ్డం, నిలువు తీగలు కలిసే ప్రతి చోటా అతుకు వేసి ఉంటుంది, చేత్తో వంచినా సులువుగా వంగదు. ఖర్చు ఎక్కువే. గూడు మొత్తానికి కొనలేకపోతే నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకూ ఇది వేసి, పైన మామూలు జాలీని రెండు పొరలుగా వేయండి. జాలీని చెక్కకు కొట్టేటప్పుడు ఒట్టి మేకులు కొట్టి వంచితే కొన్నాళ్లకు ఊడతాయి. పైన సన్నటి చెక్కపట్టీ పెట్టి, దాని మీదుగా స్క్రూలు బిగించండి. మా గూడు చేసిన వడ్రంగి మేకులతోనే సరిపెట్టాడు. రెండో ఏడాది ఒక మూల జాలీ లేచింది. లేచింది బెత్తెడే. ఆ సందులోంచి అడవిపిల్లి దూరి ఒకే వారంలో నాలుగు పెట్టల్ని ఎత్తుకుపోయింది.

కింద నుంచి తవ్వుకుని వస్తున్నాయి. నేల ఎలా వేయాలి?

ఈ విషయంలో మన జిల్లాలవాళ్లు అదృష్టవంతులు. కడప బండలు, బేతంచెర్ల బండలు మనకు దగ్గర్లోనే దొరుకుతాయి. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర అంచులు విరిగిన ముక్కలు తక్కువ ధరకే ఇస్తారు. గూడు లోపల నేలంతా బండలు పరిచి, సందుల్లో సిమెంటు నింపండి. పందికొక్కు బండను తవ్వలేదు. బండ మీద మూడు నాలుగు వేళ్ల మందాన వరిపొట్టో, చెనిక్కాయ పొట్టో వేస్తే కోళ్ల కాళ్లకు మెత్తగా ఉంటుంది, ఊడ్వడమూ సులువు.

బండలు వేయలేనివాళ్లు గూడు చుట్టూ బయటివైపు అడుగున్నర వెడల్పున జాలీని నేల మీద పరిచి, గోడ జాలీతో కలిపి కట్టి, పైన రాళ్లు పేర్చండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది. అక్కడ జాలీ తగిలితే అడుగున్నర వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు.

అంతా మూసేస్తే మన ఎండలకు కోళ్లు ఉడికిపోవా?

ఉడికిపోతాయి, అందుకే ఈ ప్రశ్న మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది. రాత్రి పది దాటినా బండలు, రేకులు వేడి కక్కుతూనే ఉంటాయి. నక్క భయంతో నాలుగు వైపులా గోడ కట్టి, పైన రేకు వేసి, చిన్న కిటికీ వదిలిన గూట్లో కోళ్లు నోరు తెరుచుకుని రెక్కలు వేలాడేసి నిలబడతాయి. ఒకరి ఇంట్లో అలా తెల్లారేసరికి ఆరు కోళ్లు చచ్చిపోయి ఉన్నాయి. వాళ్లు పాము కరిచిందనుకున్నారు. ఏ కోడి మీదా గాటు లేదు. నేను వెళ్లి చేయి పెట్టి చూస్తే పొద్దున ఎనిమిదికే లోపల గాలి సెగలా తగిలింది.

గాలికి గోడ అడ్డు ఉండకూడదు, జంతువుకు జాలీ అడ్డు ఉండాలి. పొడవు వైపు గోడలు రెండూ నేల నుంచి అడుగున్నర వరకే కట్టి, పైభాగమంతా వెల్డెడ్ మెష్ వేయండి. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ పొడవు గోడల మీద పడవు. వేపచెట్టో కానుగచెట్టో నీడ ఉన్న చోటు చూసుకోండి, కొమ్మలు మాత్రం కప్పును తాకకుండా కొట్టేయండి. రేకు మీద బోద గడ్డి కప్పి, ఎండాకాలం సాయంత్రాలు నీళ్లు చల్లండి. కప్పుకు, గోడకు మధ్య గాలి కోసం వదిలిన సందుకు కూడా జాలీ తప్పదు, పునుగుపిల్లి దిగేది అక్కడి నుంచే.

తలుపుకు తాడు కడితే చాలదా?

చాలదు. కుక్క మూతితో తోస్తే తడిక వంగుతుంది, వంగిన సందులోంచి పిల్లి దూరుతుంది. తలుపుకు పైన ఒకటి, కింద ఒకటి రెండు గొళ్లేలు పెట్టించండి. తలుపు వేశాక కింద సందులో మీ రెండు వేళ్లు దూరితే అక్కడ ఒక చెక్కపట్టీ కొట్టాలి. ముంగిస ఒళ్లు సన్నం, తల పట్టిన చోట ఒళ్లంతా పడుతుంది.

మా అవ్వ కాలంలో గంప బోర్లించి రాయి పెట్టేవాళ్లు. ఇప్పుడు అది పనికిరాదా?

గంప ఇంటి లోపలయితే ఇప్పటికీ మంచిదే. వసారాలో, తలుపు వేసిన గదిలో తల్లిని, పిల్లల్ని గంప కింద పెట్టొచ్చు. ఆరుబయట మాత్రం వద్దు. అవ్వ కాలంలో ఇంటి ముందు మంచాలేసుకుని మనుషులే పడుకునేవాళ్లు, గంప మంచం పక్కనే ఉండేది. ఇప్పుడు అందరం తలుపులేసుకుని ఫ్యాను కింద పడుకుంటున్నాం. బయట గంపను కుక్క ఒక్క తోపుతో దొర్లించేస్తుంది.

గూడు ఇంటికి ఎంత దూరంలో ఉండాలి?

కోడి అరిస్తే మీకు నిద్రలో వినపడేంత దగ్గర్లో. చెనిక్కట్టె వామికి, కట్టెల మోపులకు మాత్రం వీలైనంత దూరంగా పెట్టండి. వామిలో ఎలుకలు ఉంటాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి.

## పొదిగినప్పుడు, పిల్లలు చిన్నవిగా ఉన్నప్పుడు

కోడి వామి సందులో దాక్కుని పొదుగుతోంది. కదిలించొచ్చా?

కదిలించాలి, లేకపోతే పొదిగే ఇరవై ఒక్క రోజుల్లో ఏదో ఒక రాత్రి కోడీ పోతుంది, గుడ్లూ పోతాయి. పగలు మాత్రం ముట్టుకోకండి. బాగా చీకటి పడ్డాక, గూట్లోనో గదిలోనో ఒక మూల గంపలో ఎండుగడ్డి పరిచి, ముందు గుడ్లు అందులో పెట్టి, ఆ తర్వాత కోడిని మెల్లగా రెండు చేతులతో ఎత్తి పైన కూర్చోబెట్టండి. గంప మీద గోనెపట్టా కప్పి చీకటి చేయండి. చాలా పెట్టలు పొద్దుటికల్లా సర్దుకుంటాయి. కొన్ని మొండికేసి లేచిపోతాయి. అలాంటప్పుడు ఆ గుడ్లను పొదుగు మీదున్న ఇంకో పెట్ట కింద పెట్టుకోవచ్చు. గడ్డిలో చేయి పెట్టేముందు టార్చి వేసి చూడటం మాత్రం మరిచిపోవద్దు.

అక్కా, పగటిపూటే పిల్లలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. రక్తం లేదు, ఈక లేదు. ఏమై ఉంటుంది?

గద్దో, డేగో, కాకో అయి ఉంటుంది. గద్ద పైన చుట్లు తిరిగి ఒక్కసారిగా దిగుతుంది. డేగ చిన్నది, చెట్టు కొమ్మల్లో కదలకుండా కూర్చుని సమయం చూసుకుంటుంది. మన కంట్లో పడదు కాబట్టి తప్పంతా గద్ద మీదికి పోతుంది. కాకులు జతగా వస్తాయి. ఒకటి తల్లిని రెచ్చగొట్టి పక్కకు లాగితే ఇంకోటి పిల్లను తన్నుకుపోతుంది.

మొదటి నాలుగైదు వారాలు తల్లినీ పిల్లల్నీ పైన వల కప్పిన చిన్న దొడ్డిలోనే మేపండి. నాలుగు గుంజలు పాతి, నడుమెత్తున వల బిగించి కడితే చాలు. ఆ తర్వాత బయటికి వదిలినా దాక్కోవడానికి చాటు ఉండాలి. కరివేపాకు గుబురు, కంది సాళ్లు, పాత మంచం, వాల్చిన బండ, ఏదైనా పనికొస్తుంది. తల్లి కొక్కొక్కొ అని కేకేయగానే పిల్లలు రెండు మూడు అంగల్లో చాటుకు చేరగలగాలి. ఊడ్చి కల్లంలా నున్నగా పెట్టుకున్న పెరడు మన కంటికి బాగుంటుంది, కోడిపిల్లకు అక్కడ తల దాచుకునే చోటే ఉండదు.

పాత సీడీలు, మెరుపు రిబ్బన్లు కడితే గద్ద రాదంటారు. నిజమేనా?

వారం పది రోజులు పనిచేస్తాయి. తర్వాత గద్దకు అలవాటైపోతుంది. మూడు రోజులకోసారి చోటు మారిస్తే ఇంకొన్నాళ్లు లాగొచ్చు. వల కట్టేదాకా గడుపుకోవడానికి సరే.

తెల్లారేసరికి పిల్లలు సగం కొరికి పడి ఉన్నాయి. కాళ్లు లేవు. ఎవరి పని?

పందికొక్కు, లేదా పెద్ద ఎలుక. కన్నంలోంచి మూతి పెట్టి కాళ్లు పట్టి లాగుతుంది, దొరికినంత కొరుకుతుంది. గూడు చుట్టుపక్కల పిడికిలి పట్టే కన్నాలు, తాజా మట్టి కుప్పలు కనిపిస్తాయి. చెనిక్కాయ పీకి, కల్లాలు అయిపోయిన తర్వాత చేలలోని ఎలుకలు, పందికొక్కులు ఇళ్ల వైపు మళ్లుతాయి. ఆ నెలల్లో పిల్లల్ని నేల మీద పెట్టకండి. నడుమెత్తు బల్ల మీద అరంగుళం జాలీ పెట్టెలో పడుకోబెట్టండి. మేత గిన్నెలు రాత్రి గూట్లో వదలకండి, నూకల వాసనకే అవి వస్తాయి.

మా ఇంటి పిల్లి కోడిపిల్లల్ని ఏమీ అనదు కదా?

నెల దాటని పిల్లల విషయంలో ఏ పిల్లినీ నమ్మకండి.

## పగలు మేతకు వదిలినప్పుడు

పొద్దున ఎన్నింటికి వదలాలి, సాయంత్రం ఎన్నింటికి మూయాలి?

కోడి కూయగానే తలుపు తీయకండి. బాగా వెలుగొచ్చి, వీధిలో మనుషులు తిరగడం మొదలయ్యాక వదలండి. నక్కలు, అడవిపిల్లులు రాత్రి తిరుగుడు ముగించి కంపల్లోకి వెళ్లే వేళ తెల్లవారుజామే. సాయంత్రం పొద్దు గూకకముందే మూయాలి. చలికాలం మన దగ్గర ఆరు లోపే పొద్దు గూకుతుంది, ఎండాకాలం ఆరున్నర దాటుతుంది. గడియారం చూసి మూసేవాళ్లు కార్తీకంలో మోసపోతారు. కోళ్లు గూడు వైపు నడవడం మొదలుపెట్టగానే అక్కడే ఉండి, లెక్కపెట్టి మూయండి. లెక్క తక్కువైతే అప్పుడే వెతకాలి, తెల్లారాక వెతికితే ఈకలే దొరుకుతాయి.

రోజూ అదే వేళకు గుప్పెడు సద్దలో, జొన్నలో గూట్లో చల్లండి. వారంలో వాటంతట అవే వస్తాయి.

పట్టపగలు ముంగిస వచ్చి మూడు కోళ్లను చంపింది. ఒక్కదాన్నీ తినలేదు. పగ పట్టిందా?

పగ కాదు. కళ్లముందు రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తేది ఉన్నంతసేపూ అది కొరుకుతూనే పోతుంది. మన దగ్గరి ముంగిస పగటి వేటగాడు, రాత్రి బొరియలో పడుకుంటుంది. అందుకే రాత్రి ఎంత గట్టి గొళ్లెం వేసినా దానికి లెక్క లేదు. మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీసే వేళ వస్తుంది. గోడ వెంట, కంప వెంట చాటు చూసుకుంటూ వస్తుంది కానీ ఖాళీ నేలను దాటడానికి జంకుతుంది. కాబట్టి గూటి చుట్టూ, కంచె బయట పదడుగుల మేర కంప కొట్టి శుభ్రంగా ఉంచండి, కోళ్లకు కావాల్సిన చాటు కంచె లోపల మాత్రమే పెంచండి. గుడ్లు మధ్యాహ్నం లోపే ఏరేయండి. గుడ్డు రుచి మరిగిన ముంగిస రోజూ వస్తుంది. కంచె కట్టడం కుదరకపోతే, ముంగిస కనిపించిన పది పదిహేను రోజులు కోళ్లను పగలు కూడా జాలీ దొడ్డిలోనే ఉంచండి. మేత దొరక్కపోతే అది దారి మార్చుకుంటుంది.

ముంగిస ఉంటే పాములు రావు కదా, దాన్ని తరిమేయడం మంచిదేనా?

ముంగిస పాముల్ని, ఎలుకల్ని చంపుతుంది, అది నిజమే. మా పొలం గట్టు మీద ఉన్న జతను నేను ఏనాడూ కదిలించలేదు. అది ఊరి అంచున ఉండాలి, మన కోళ్లు జాలీ లోపల ఉండాలి. రెండూ ఒకే చోట కుదరవు.

కుక్కను పెంచితే నక్కలు రావా?

మంచి కుక్క ఉంటే నక్క, అడవిపిల్లి, ముంగిస మూడూ వెనకాడతాయి. కానీ పెద్ద కుక్కను తెచ్చి కోళ్ల మధ్య కట్టేస్తే మొదట కోళ్లనే పట్టొచ్చు. రెండు మూడు నెలల కూనను తెచ్చి, కోళ్ల మధ్యే అన్నం పెట్టి పెంచండి. కోడి వెంట పరుగెత్తిన ప్రతిసారీ గట్టిగా వద్దని చెప్పి ఆపండి. ఏడాది నిండేదాకా కోళ్ల దగ్గర ఒంటరిగా వదలకండి. రేబిస్ టీకా తప్పకుండా వేయించండి, నక్కలతో కలబడే కుక్కకు అది చాలా అవసరం.

పుంజు ఉంటే మందను కాపాడుతుందా? గినీ కోళ్లు మంచివంటారు?

పుంజు ఎప్పుడూ తల ఎత్తి చూస్తూ ఉంటుంది, ప్రమాదం కనిపిస్తే అరుస్తుంది. పైనుంచి గద్ద వస్తే ఒక అరుపు, నేల మీద కుక్క వస్తే ఇంకో అరుపు. కొన్నాళ్లు చెవి పెట్టి వింటే మీకే తేడా తెలుస్తుంది. ధైర్యమున్న పుంజు కాకిని, చిన్న పిల్లిని తరుముతుంది. అడవిపిల్లితో కలబడితే చస్తుంది. గినీ కోళ్లు కొత్తది ఏది కనిపించినా ఊరంతా వినపడేలా గోల చేస్తాయి. ఇళ్లు విసిరేసినట్టున్న చోట పెంచుకోండి. వీధిలో ఇల్లయితే పక్కవాళ్లు మీతో మాట్లాడటం మానేస్తారు.

## రాత్రి

మా కోళ్లు గూట్లోకి రావు, వేపచెట్టెక్కి పడుకుంటాయి. అక్కడ క్షేమమేగా?

కుక్క నుంచి క్షేమం. పునుగుపిల్లి, అడవిపిల్లి చెట్టెక్కగలవు. చీకట్లో కోడికి చూపు ఆనదు, పక్కన కూర్చున్నదాన్ని ఎత్తుకుపోయినా కదలలేదు. అలవాటు మాన్పించడానికి పది రోజులు పడుతుంది. రోజూ మధ్యాహ్నం నుంచే వాటిని గూట్లో మూసి, లోపల నేలకు రెండు మూడడుగుల ఎత్తులో వెదురు దండెం కట్టండి. కోడికి ఎత్తు మీద కూర్చుంటేనే ధైర్యం. గూట్లోనే ఆ ఎత్తు దొరికితే చెట్టు మరిచిపోతుంది.

రాత్రంతా లైటు వేసి ఉంచితే?

జంతువులకు నాలుగు రోజుల్లో అలవాటవుతుంది, కోళ్లకు నిద్ర చెడుతుంది. పైగా లైటుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాములు. కదలిక ఉంటేనే వెలిగే సోలార్ లైటు కొంత నయం. దాన్ని గూడు లోపలికి కాకుండా బయటికి తిప్పి పెట్టండి.

గూట్లో పాము ఉంది. ఏం చేయాలి?

చేయి పెట్టకండి, కర్ర తీయకండి. టార్చి వేసి దూరం నుంచి చూడండి. కోళ్లు ఒక మూలకు చేరి, మెడలు చాచి ఒకే వైపు చూస్తుంటే పాము అక్కడే ఉంటుంది. తలుపు బార్లా తెరిచి మీరు పక్కకు తప్పుకుంటే చాలా పాములు వాటంతట అవే వెళ్లిపోతాయి. వెళ్లకపోతే పాములు పట్టేవాళ్లను పిలవండి, లేదా అటవీశాఖ వాళ్లకు చెప్పండి. జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకల కోసం, కోడిపిల్లల కోసం వస్తుంది. నాగుపాము గుడ్లు మింగుతుంది. రాత్రి హడావిడిలో ఏది ఏదో గుర్తుపట్టడం మన వల్ల కాదు, అన్నిటినీ విషప్పాములుగానే చూడండి.

ఎవరినైనా కరిస్తే కోయడం, తాడు బిగించడం, పసరు పోయడం ఏదీ వద్దు. కరిచిన కాలు గానీ చేయి గానీ కదలనీయకుండా, 108కు ఫోన్ చేసి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే మందు.

ఫినాయిల్, వెల్లుల్లి, ఈశ్వరి తీగ పెడితే పాములు రావంటారు?

మా అత్త ఈశ్వరి తీగను గూడు పక్కనే పెంచింది. ఆ తీగ మొదట్లోనే ఒకసారి పాము కుబుసం దొరికింది. ఫినాయిల్ వాసన గంటల్లో పోతుంది, కోళ్లకు మాత్రం మంట పుడుతుంది. ఆ డబ్బు పెట్టి అరంగుళం జాలీ ఇంకో గజం కొనండి. ఇంకో సంగతి, నేల దగ్గర నైలాన్ చేపల వల కట్టకండి. పాము అందులో చిక్కుకుని బయటికి రాలేక గిలగిల కొట్టుకుంటుంది. దాన్ని విడిపించబోయి మనుషులు కాటు తింటారు.

మా ఊరి గుట్ట మీద చిరుత ఉందంటున్నారు. కోళ్ల కోసం వస్తుందా?

చిరుత ఊళ్లోకి వచ్చేది ఎక్కువగా కుక్కల కోసం, మేకల కోసం. కోడి దానికి చిన్న తిండి. అయినా చిరుత తిరుగుతోందని తెలిసిన రోజుల్లో పొద్దు గూకాక గూడు దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి, పిల్లల్ని పంపకండి. కోళ్లు అరిచినా ఇంట్లోంచే కేకలేసి, లైట్లు వేయండి. అడుగుజాడలు కనిపిస్తే చెరిపేయకుండా అటవీశాఖ వాళ్లకు చూపించండి.

## దాడి జరిగాక

ఏ జంతువు వచ్చిందో ఎలా కనిపెట్టాలి?

ఊడ్వకముందు చూడాలి. మనవాళ్లు పొద్దున లేవగానే ఏడుస్తూ చీపురు పడతారు, గుర్తులన్నీ పోతాయి.

చాలా కోళ్లు చచ్చి, అక్కడక్కడా పడి ఉండి, జాలీ చిరిగి ఉంటే కుక్కలు. కుక్కలు తినడానికి కాదు, ఆటగా తరుముతాయి. ఒకే కోడి పోయి, ఈకలు ఒక వరుసలో కంచె దాకా పడి ఉంటే నక్క గానీ అడవిపిల్లి గానీ. మెత్తటి మట్టిలో అడుగుజాడ చూడండి. గోళ్ల గుర్తులు పడితే నక్కో కుక్కో, పడకపోతే పిల్లి జాతి, ఎందుకంటే పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. పగటి పూట మెడ మీద చిన్న చిన్న గాట్లతో చచ్చి ఉంటే ముంగిస. రాత్రి తల, రొమ్ము తిని మిగతాది వదిలేస్తే, కప్పు వైపు సందు ఉంటే పునుగుపిల్లిని అనుమానించండి. గుడ్లు పెంకుతో సహా మాయమైతే పాము. పెంకుకు పొడిచిన కన్నం ఉంటే కాకి. ఉడుము కూడా పగలు గుడ్ల కోసం వస్తుంది, తోక ఈడ్చిన గీత మట్టిలో పడుతుంది.

ఒక గుర్తు చాలామందికి తెలియదు. పిల్ల ఒంటి మీద గాయం లేకుండా చచ్చి ఉంటుంది, తల, మెడ మాత్రం తడిసి, ఈకలు అతుక్కుపోయి జిగటగా ఉంటాయి. పాము తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టి, భుజాల దగ్గర పట్టక కక్కేసిందన్నమాట. ఏదో రోగం అనుకుని మందులు కొనడానికి పరుగెత్తకండి, ముందు గూట్లో సందు వెతకండి.

ఒకసారి వచ్చింది మళ్లీ వస్తుందా?

వస్తుంది. ఆ రాత్రే, లేదా రెండు మూడు రోజుల్లో. దొరికిన చోటును ఏ జంతువూ మరిచిపోదు. కాబట్టి సందు మూయడం రేపటికి వాయిదా వేయకండి. బండ అడ్డం పెట్టండి, రేకు కట్టండి. ఏదీ కుదరకపోతే ఆ రాత్రికి కోళ్లను ఇంట్లోకి తెచ్చుకోండి.

కోడి బతికే ఉంది కానీ వీపు మీద గాయమైంది. ఏం చేయాలి?

మిగతా కోళ్ల నుంచి వెంటనే వేరు చేయండి, రక్తం కనిపిస్తే అవే పొడుస్తాయి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో గాయం కడిగి, చుట్టూ ఈకలు కత్తిరించి, పోవిడోన్ అయోడిన్ రాయండి. ఈగలు వాలకుండా చూడండి, లేకపోతే రెండు రోజుల్లో పురుగులు పడతాయి. నీడలో, గోనెపట్టా కప్పిన గంపలో ఉంచి నీళ్లు తాగించండి. గాయం లోతుగా ఉంటే 1962కు ఫోన్ చేయండి, అది సంచార పశువైద్య వాహనాల నంబరు. దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లినా సరే.

కోడిని కాపాడబోయి మిమ్మల్ని నక్కో, కుక్కో, ముంగిసో కరిస్తే గీకినట్టే ఉందని వదిలేయకండి. పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోండి.

నక్క కొరికి వదిలేసిన కోడిని కూర వండుకోవచ్చా?

వద్దు. కొరికిన జంతువుకు ఏ జబ్బు ఉందో మనకు తెలియదు, ఎప్పుడు చచ్చిందో తెలియదు. దిబ్బ మీద కూడా వేయకండి, ఆ వాసనకే కుక్కలు, నక్కలు మళ్లీ వస్తాయి. మోకాలి లోతు గుంట తీసి, సున్నం చల్లి, పూడ్చి, పైన బండ పెట్టండి.

దాడి తర్వాత కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి.

భయానికి అలా అవుతుంది. రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. చోటు మార్చకండి, కొత్త కోళ్లను కలపకండి. మూడు వారాలు దాటినా గుడ్లు రాకపోతే, ముక్కు కారడం, పచ్చగా పారడం కనిపిస్తే అది భయం కాదు. కొక్కెర తెగులు లాంటి రోగమేమో డాక్టరుకు చూపించండి.

## పట్టుకోవడం, చంపడం

విషం పెడితే ఒక్కసారిగా పీడ పోతుంది కదా?

దయచేసి వద్దు. ముంగిస, నక్క, అడవిపిల్లి, పునుగుపిల్లి, ఉడుము, పాములు, గద్దలు అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. చంపితే కేసు, జైలు. అది పక్కన పెట్టినా, విషం ఎవరి నోట్లో పడుతుందో మన చేతుల్లో ఉండదు. విషం తిన్న ఎలుకను గద్ద తింటుంది, పక్కింటి కుక్క తింటుంది. విషం పెట్టిన ఆ మట్టిలోనే మన పిల్లలు ఆడుకుంటారు. ఉచ్చులు, నాటు బాంబులు కూడా అంతే.

కంచెకు ఇంటి కరెంటు కలిపితే?

ఎప్పుడూ వద్దు. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లే రైతు దాన్ని తాకుతాడు, లేదా తెల్లారి మరిచిపోయి మీ ఇంట్లోవాళ్లే తాకుతారు. నేరం కూడా.

బోను పెట్టి పట్టి, దూరంగా వదిలిపెట్టొచ్చా?

అటవీశాఖ అనుమతి లేకుండా పట్టడం కూడా చట్టం ఒప్పుకోదు. దాని వల్ల లాభమూ లేదు. ఖాళీ అయిన చోటికి ఇంకో ముంగిస వస్తుంది, గూట్లో సందు అలాగే ఉంటుంది.

మాకు అడవి జంతువుల కంటే వీధికుక్కలతోనే కష్టం.

మా ఊళ్లోనూ అంతే. కొట్టడం, విషం పెట్టడం నేరం. 2023 నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వేయించాల్సింది పంచాయతీ, మున్సిపాలిటీ. ఊళ్లో పదిమంది సంతకాలతో అర్జీ ఇవ్వండి. మన వంతుగా కోడి ఈకలు, పేగులు వీధిలో పారేయకూడదు. వేట మాంసం, కోడి మాంసం కొట్టిన చోట వ్యర్థాలు తిని రుచి మరిగిన కుక్కలే కోళ్ల మీద పడతాయి.

రెండు రోజులు ఊరెళ్లాలి. కోళ్లను ఎవరి మీద వదలాలి?

మీ కోళ్ల లెక్క తెలిసినవాళ్ల మీద. వెళ్లే ముందు రోజు సాయంత్రం వాళ్లను పిలిచి, మీ పక్కన నిలబెట్టి వాళ్ల చేతే మూయించండి. పై గొళ్లెం, కింది గొళ్లెం చూపించండి, ఎన్ని ఉన్నాయో వేళ్లతో లెక్క పెట్టించండి. ఆ రెండు రోజులు కోళ్లను మేతకు వదలకుండా లోపలే ఉంచి, నీళ్లు, నూకలు సరిపడా పెట్టమనండి. పొద్దు గూకే వేళ మీరే ఒకసారి ఫోన్ చేసి, లెక్క ఎంతొచ్చిందో అడగండి.